సర్కారు ఆరోగ్య కార్డు చెల్లెడి వైద్యుని ముందుగా కనుగొనుట

విత్తనములు కావలసిన నాటికి పది దినములు ముందుగానే మీరు సంఘము గిడ్డంగికి వచ్చి, ఏ రకము వచ్చినది, మొలక యెంత, ధర యెంత అని విచారింతురు. ఎరువుల విషయమునను అట్లే చేయుదురు. కాని యింటిలో నొకరికి జ్వరము తగిలి అయిదు దినములైనను విడువనప్పుడు, లేక పెద్దవారికి షుగరు హెచ్చి కాలు వాచినప్పుడు, ఏ యూరికి పోవలెను, ఏ వైద్యుని చూడవలెను, అక్కడ మన కార్డు చెల్లునా చెల్లదా అను సంగతిని ముందుగా తెలిసికొని యుండువారు మిక్కిలి తక్కువ. ఆ తొందరలో ఎవరో చెప్పిన ఆసుపత్రికి పోయి, చేతనున్న సొమ్ము చెల్లించి, చాలనిదానిని వడ్డీకి తెచ్చి, తుదకు పొలము తాకట్టు పెట్టిన కుటుంబములు అనేకము కలవు. కార్డు మాత్రము పెట్టెలో భద్రముగనే యుండును.

కార్డు కలిగియుండుట వేరు; కార్డు చెల్లు చోటు తెలిసియుండుట వేరు. ఈ రెండవది ఎట్లు తెలిసికొనవలెనో, అందును మనకు తరచుగ అవసరమగు జనరల్ మెడిసిన్ వైద్యుని విషయమున ఎట్లు తెలిసికొనవలెనో, ఈ వ్యాసమున వివరింపబడును.

మనకు కావలసిన వైద్యుడెవరు?

కోతతో పనిలేకుండ, మందులచేతను పథ్యముచేతను కుదుర్చవలసిన పెద్దవారి వ్యాధులను చూచు శాఖకు జనరల్ మెడిసిన్ అని పేరు. ఆ శాఖ వైద్యుని ఫిజిషియను అందురు. షుగరు, రక్తపుపోటు, ఆయాసము, కామెర్లు, థైరాయిడు జబ్బు, మూత్రపిండముల జబ్బు, విడువని జ్వరములు, ఇవన్నియు ఆయన చూడదగినవి. ఇవిగాక సేద్యగానికి ప్రత్యేకముగ తగులు ఆపదలు కొన్ని కలవు. పాముకాటు, పురుగుమందు చల్లునప్పుడు సోకు విషము, ఎలుకల మూత్రము కలిసిన మడినీటివలన వచ్చు లెప్టోస్పైరా జ్వరము, పొదలలోని సన్నని నల్లిజాతి పురుగు కుట్టుటవలన వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరము, ఇవియు ఈ శాఖలోనివే. కావున ప్రతి రైతు కుటుంబమునకును ఒక ఫిజిషియను తెలిసియుండుట అవసరము.

ఫిజిషియనును గుర్తించుట కష్టము కాదు. ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసిన పిమ్మట మరి మూడేండ్లు చదివి ఎం.డి. పట్టము గాని, దానికి సమానమైన డి.ఎన్.బి. పట్టము గాని పొందినవారు వీరు. అయితే ఎం.డి. అను రెండక్షరములను మాత్రమే చూచి తృప్తిపడరాదు. ఎం.డి. అనేక శాఖలలో ఇయ్యబడును. ఆయుర్వేద, హోమియో వైద్యములందును ఆ పేరుగల పట్టములున్నవి. ఆ యక్షరముల ప్రక్కన జనరల్ మెడిసిన్ అని యున్నదో లేదో చూడవలెను. మరియు 2002 సంవత్సరపు వైద్యుల ప్రవర్తనా నియమముల ప్రకారము, ప్రతి వైద్యుడును తన రిజిస్ట్రేషను నెంబరును మందుల చీటీమీదను రసీదులమీదను చూపవలసియున్నది. నెంబరు లేని చీటీని చూచినప్పుడు అడుగుటకు సంకోచింపవలదు.

గ్రామములలో ఆర్.ఎం.పి. లనబడువారు అర్ధరాత్రియైనను పిలిచినంతనే వత్తురు. ఆ మేలును కాదనరాదు. కాని షుగరు, రక్తపుపోటు వంటి దీర్ఘవ్యాధులను వారి చేతిలో పెట్టుట ప్రమాదకరము. నొప్పుల మాత్రలు, సూదిమందులు నెలలకొలది వాడినచో మూత్రపిండములు చెడవచ్చును. మూత్రపిండములు చాలవరకు చెడువరకును దేహమునకు పెద్ద బాధ యేమియు తోచదు. వేరుకుళ్లు పట్టిన మొక్క పైకి కొన్నాళ్లు పచ్చగానే కనబడునట్లు, రోగియు పైకి ఆరోగ్యముగనే కనబడును. శ్రీకాకుళం జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల జబ్బు వేలకొలది కుటుంబములను బాధించినది. దాని కారణ మింకను నిశ్చయముగ తేలలేదు. అక్కడను ఇక్కడను మొదట దానిని పట్టుకొనునది రక్తములో క్రియాటినిను పరీక్షయు, మూత్ర పరీక్షయును. షుగరు గాని పోటు గాని ఉన్నవారికి ఈ పరీక్షలు ఏటేట చేయించి ఫలితములను సరిచూచుకొనుచుండువాడే ఫిజిషియను.

కార్డు దేనికి చెల్లును? దేనికి చెల్లదు?

ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1వ తేదీన అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమై, పిమ్మట రాష్ట్రమంతటను వ్యాపించెను. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాత రెండు రాష్ట్రములును దానిని వేరువేరుగ నడుపుచున్నవి. తెలంగాణమున దీనికి రాజీవ్ ఆరోగ్యశ్రీ అని పేరు. అక్కడ 2023 డిసెంబరులో కుటుంబమునకు సాలుకు 10 లక్షల రూపాయల వరకు పరిమితిని పెంచిరి. ఆంధ్రప్రదేశమున పేరు కొన్ని పర్యాయములు మారి, 2024 నుండి డాక్టరు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అని వ్యవహరింపబడుచున్నది. కేంద్ర ప్రభుత్వమువారి ఆయుష్మాన్ భారత్ పథకము 2018 సెప్టెంబరులో ఆరంభమయ్యెను. దానియందు కుటుంబమునకు సాలుకు 5 లక్షల పరిమితి కలదు. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఈ పథకమును వర్తింపజేయుట 2024 అక్టోబరులో మొదలిడిరి.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ పథకములు ప్రధానముగ ఆసుపత్రిలో చేర్చుకొని చేయు చికిత్సల కొరకు ఏర్పడినవి. రోగి చేరినచో పడక, పరీక్షలు, మందులు, భోజనము అన్నియు నిర్ణయించిన మొత్తములో చేరియుండును. ఇంటికి పంపిన తరువాత కొన్ని దినముల మందులును అందులోనివే. ఆయుష్మాన్ భారత్‌లో ఇది 15 దినములు. గుర్తించిన కొన్ని పెద్ద చికిత్సలకు పిమ్మట ఒక సంవత్సరము దాక పరీక్షలును మందులును ఇచ్చు ఏర్పాటు ఆరోగ్యశ్రీలో కలదు. కాని నెలనెల పోయి షుగరు చూపించుకొని, చీటీ వ్రాయించుకొని, అంగడిలో మాత్రలు కొనుటకు ప్రైవేటు వైద్యునివద్ద ఈ కార్డు చెల్లదు. ఇది తెలియక, “కార్డున్నను డబ్బు అడిగినారు” అని కోపగించి తిరిగి వచ్చువారు పెక్కుమంది. అక్కడ తప్పు వైద్యునిది కాదు, రోగిది కాదు; నియమము తెలియకపోవుటయే కారణము.

కావున మన అవసరమును రెండుగ విభజించుకొనవలెను. నెలనెల చూపించుకొనుట యొకటి. ఆపద వచ్చి ఆసుపత్రిలో చేరుట రెండవది. మొదటిదానికి సర్కారు ఆసుపత్రి ఫిజిషియను తగినవాడు. రెండవదానికి కార్డు చెల్లెడి ఆసుపత్రి తెలిసియుండవలెను.

బోర్డు చూచి మోసపోవలదు

ఆసుపత్రి వాకిట ఆరోగ్యశ్రీ బోర్డు ఉన్నంతమాత్రమున అన్ని జబ్బులకును అక్కడ కార్డు చెల్లునని తలంపరాదు. ప్రభుత్వము ఆసుపత్రిని గుర్తించునప్పుడు శాఖలవారీగ గుర్తించును. ఒక ఆసుపత్రికి ఎముకల శాఖలోను, కోతల శాఖలోను గుర్తింపు ఉండి, జనరల్ మెడిసిన్‌లో లేకపోవచ్చును. అట్టి చోటికి డెంగీ జ్వరముతో పోయిన రోగి సొమ్ము చెల్లింపవలసినదే. ఎముక విరిగి పోయిన పొరుగువానికి అదే ఆసుపత్రిలో ఉచితముగ జరిగియుండును. ఒక దుకాణమునకు ఎరువుల లైసెన్సు ఉన్నదని పురుగుమందులు కూడ అమ్మవచ్చునని మీరు తలంపరు గదా! ఇదియు అట్టిదే.

మరియొకటి. కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే ప్రత్యేకించినారు. అట్టివానికి ప్రైవేటు ఆసుపత్రిలో శాఖ గుర్తింపు ఉన్నను అనుమతి రాదు. ఇంకొకటి, ఏనాడో విన్న సంగతి నేడు నిజము కాకపోవచ్చును. 2025లో రెండు రాష్ట్రములలోను ప్రైవేటు ఆసుపత్రులు తమకు రావలసిన బకాయిల నిమిత్తము ఈ సేవలను కొంతకాలము నిలిపివైచినవి. కావున “నిరుడు మా బావమరిదికి అక్కడనే చేసినారు” అను మాట సాక్ష్యముగ చాలదు. మరల విచారింపవలెను.

వెదకవలసిన క్రమము

మొదటి మెట్టు మన సబ్‌సెంటరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము. మైదాన ప్రాంతమున సుమారు 5,000 జనాభాకు ఒక సబ్‌సెంటరును, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును ఉండవలెనని ప్రమాణము. 30 ఏండ్లు దాటినవారందరికిని పోటు, షుగరు పరీక్షించుట అక్కడి సిబ్బంది విధులలో నొకటి. షుగరు, పోటు మాత్రలు అక్కడ ఉచితముగ ఇత్తురు. ఇ-సంజీవని అను ఏర్పాటు ద్వారా దూరముననున్న వైద్యునితో తెరమీద మాటలాడుటకును వీలు కలదు. ప్రయాణము చేయలేని ముసలివారికి ఇది మిక్కిలి ఉపకరించును. అక్కడి వైద్యుడు వ్రాసియిచ్చిన చీటీతో పై ఆసుపత్రికి పోయినచో, రోగి పూర్వస్థితి అక్కడివారికి తెలియును.

రెండవ మెట్టు సామాజిక ఆరోగ్య కేంద్రము, ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి. ఫిజిషియను దొరకు అతి సమీపపు సర్కారు చోటు సాధారణముగ ఇదియే. సామాజిక ఆరోగ్య కేంద్రము 30 పడకలు గలదై సుమారు 1,20,000 జనాభాకు ఒకటి చొప్పున ఉండవలెను. అందు ఫిజిషియను ఉండవలెనని ప్రమాణము. ఆ యుద్యోగము భర్తీ అయినదో లేదో, ఏ దినములలో ఓ.పి. చూచునో పోయి కనుగొనవలెను. అంతకు పైన వైద్య కళాశాలల ఆసుపత్రులు కలవు. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రి, గుంటూరు, కాకినాడలలో ప్రభుత్వ సాధారణ ఆసుపత్రులు, వరంగల్లున మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి, హైదరాబాదున ఉస్మానియా ఆసుపత్రి అట్టివి. వీనియందు ఓ.పి. చూపించుకొనుటకు ఏ కార్డును అక్కరలేదు. ఉదయముననే పోయి చీటీ తీసికొనవలెను. జనసమ్మర్దము ఉండును, ఓర్పు కావలెను. కాని నెలనెల చూపించుకొనువానికి ఆ ఓర్పు సాలుకు కొన్ని వేల రూపాయలను మిగుల్చును.

మూడవ మెట్టు గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రి. దీనిని కనుగొనుటకు 104 నెంబరునకు ఫోను చేసి, మన మండలము, జిల్లా చెప్పి, “జనరల్ మెడిసిన్ శాఖలో గుర్తింపుగల ఆసుపత్రులు దగ్గరలో ఏవి?” అని శాఖ పేరుతో అడుగవలెను. శాఖ పేరు చెప్పక “ఆరోగ్యశ్రీ ఆసుపత్రులేవి?” అని మాత్రమడిగినచో వచ్చు జవాబు మనకు ఉపయోగపడదు. ఆయుష్మాన్ భారత్ కార్డు విషయమై 14555 నెంబరున విచారింపవచ్చును.

ఆ పిమ్మట సంతకో మార్కెటుకో పోయిన దినమున ఆ ఆసుపత్రికి పోయి, అక్కడ కూర్చుండు ఆరోగ్యమిత్రను చూడవలెను. ఆంధ్రప్రదేశమున వైద్యమిత్ర అందురు. కార్డుదారులకు తోడ్పడుటకే నియమింపబడిన ఉద్యోగి అతడు. అతని నడుగవలసిన ప్రశ్నలు ఇవి:

1. ఇక్కడ జనరల్ మెడిసిన్ శాఖకు గుర్తింపు ఉన్నదా? నేడు కేసులు తీసికొనుచున్నారా?

2. ఫిజిషియను ఇక్కడనే నిలుకడగ ఉండునా, లేక వారమున కొకటి రెండు దినములు వచ్చిపోవునా? రాత్రివేళ ఎవరు చూతురు?

3. తొలిసారి చూచుటకు రుసుము కలదా? పరీక్షలకు సొమ్మెవరు భరింపవలెను? అనుమతి రాకపోయినచో ఆ సొమ్ము ఏమగును?

4. విషజ్వరములు, షుగరు వలన వచ్చు ఆపదలు, పాముకాటు, పురుగుమందు విషము, వీనిలో ఇక్కడ కార్డుమీద చేర్చుకొనునవి ఏవి? సర్కారు ఆసుపత్రికే పంపునవి ఏవి?

5. రాత్రి ఆపద వచ్చి కార్డు తేలేకపోయినచో ఏమి చేయవలెను?

ఈ అయిదింటికి జవాబులు కాగితముమీద వ్రాసికొని, కార్డుతోనే పెట్టెలో ఉంచుకొనుడు. అరగంట పనియే గాని, ఆపద నాటికి దాని విలువ తెలియును.

ఒక హెచ్చరిక. పాము కరచినప్పుడును, విషము సోకినప్పుడును, ఛాతీలో నొప్పి వచ్చినప్పుడును కార్డు చెల్లు చోటు కొరకు దూరము పోరాదు. వెంటనే 108 పిలిచి సమీపపు సర్కారు ఆసుపత్రికి చేర్చవలెను. పాముకాటు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగ ఇత్తురు. ప్రాణము నిలిచిన పిమ్మట తక్కిన విచారములు.

పోవునాడు తీసికొనిపోవలసినవి

కార్డులో కుటుంబములోని అందరి పేర్లు ఉన్నవో లేవో నేడే చూచుకొనుడు. క్రొత్తగ కాపురమునకు వచ్చిన కోడలు, పుట్టిన బిడ్డ, వీరి పేర్లు ఎక్కించుట మరచిన కుటుంబములు పెక్కు. ఆధారు కార్డులోని పేరును, ఈ కార్డులోని పేరును ఒక్కతీరుగ ఉండవలెను. ఒకదానిలో ఇంటిపేరు ఉండి వేరొకదానిలో లేకున్నను ఆలస్యమగును. ఇవి సచివాలయములోనో మీసేవలోనో ముందుగ సరిచేయించుకొనదగినవి.

కార్డు, ఆధారు, పాత చీటీలు, పాత పరీక్షల కాగితములు ఒక సంచిలో వేసి తీసికొనిపోవలెను. వాడుచున్న మాత్రల అట్టలనుకూడ చూపవలెను. మిత్ర మొదట పేరు నమోదు చేయును; వైద్యుడు పరీక్షించి జబ్బు నిర్ణయించును; ఆసుపత్రివారు ట్రస్టునకు వ్రాసి అనుమతి తెప్పింతురు; పిమ్మట ఆ జబ్బు చికిత్సకు రోగి సొమ్ము చెల్లింప నక్కరలేదు. అనుమతి వచ్చిన తరువాత మందులకనియో పరీక్షలకనియో సొమ్మడిగినచో, కలహింపక, “రసీదు ఇండు” అని అడుగుడు. రసీదు ఇచ్చినను ఇయ్యకున్నను 104 నెంబరునకు తెలిపి, ఫిర్యాదు నెంబరు వ్రాసికొనుడు. అప్పటికిని పరిష్కారము కానిచో, సోమవారమునాడు జిల్లా కలెక్టరు కార్యాలయమున అర్జీలు తీసికొను ఏర్పాటు రెండు రాష్ట్రములలోను కలదు. చదువక ఏ కాగితముమీదను వ్రేలిముద్ర గాని సంతకము గాని వేయకుడు.

ఇంటికి వచ్చునప్పుడు డిశ్చార్జి కాగితమును తప్పక తీసికొనవలెను. చికిత్స రికార్డుల నకళ్లు కావలెనని అడిగినచో 72 గంటలలో ఇయ్యవలెనని ముందు చెప్పిన 2002 నియమములే చెప్పుచున్నవి. ఆ కాగితములను సర్కారు ఫిజిషియనునకు చూపి, తరువాతి నెలనెల చికిత్స ఆయనవద్ద సాగించుకొనుట లాభకరము.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు వేరువేరుగ ఈ విచారణ చేయుటకంటె సంఘము ఒకమారు చేసి అందరికిని తెలుపుట సులభము. సంఘ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, అందు అయిదు గడులు గీయవలెను: ఆసుపత్రి పేరును దూరమును; జనరల్ మెడిసిన్ గుర్తింపు ఉన్నదా; ఫిజిషియను ఉండు దినములు; మిత్రను కలిసికొను చోటు; విచారించిన తేదీ. తేదీ లేని సంగతిని ఎవరును నమ్మరాదు. మూడు నెలలకొకమారు ఇద్దరు సభ్యులు మరల విచారించి గడులను దిద్దవలెను. ఆసుపత్రినుండి తిరిగి వచ్చిన సభ్యుడు అక్కడ సొమ్ము తీసికొన్నారా లేదా అను సంగతిని రసీదుతో తెలిపినచో అదియు చేర్చవచ్చును. ఏ ఆసుపత్రి పక్షమునను సంఘము సిఫారసు చేయరాదు. ఎవరివద్దను ఏ ప్రతిఫలమును పుచ్చుకొనరాదు. సంగతులను మాత్రము ఉన్నవి ఉన్నట్లు వ్రాయవలెను.

మన సంఘములు రైతును వడ్డీ వ్యాపారినుండి తప్పించుటకు పుట్టినవి. పంట బాగుగ పండి, ధరయు పలికిన యేడు కూడ రైతును మరల ఆ వాకిటికి పంపునది రోగము. సంఘమిచ్చిన పంటఋణము పొలములోనికి పోక ఆసుపత్రికి పోయినచో, ఆ రైతునకును తీర్చుబడి కష్టము, సంఘమునకును నష్టము. కావున ఈ పుస్తకము సంఘము ఖాతాపుస్తకముల వంటిదే యని యెంచుడు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతి సభ్యుడును తన ఆరోగ్య కార్డును వెంట తెచ్చి పేర్లను సరిచూచుకొనవలెనని కోరుచున్నాను.

— వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు